ఇంగ్లీషు తూనికలు, కొలతలు: మళ్లీ మళ్లీ వచ్చే సందేహాలు

మైలుకు 5280 అడుగులేమిటి? తులం పది గ్రాములా, పదకొండున్నర దాటుతుందా? అమెరికా గ్యాలనూ లండన్ గ్యాలనూ ఒకటేనా? ఏడాదికి పదిసార్లయినా ఎవరో ఒకరు ఇవే అడుగుతుంటారు. ఒకరు పిల్లల హోంవర్కు కోసం, ఒకరు పొలం కాగితం ముందేసుకుని, ఇంకొకరు డల్లాస్ నుంచి కారు మైలేజీ లెక్క పట్టుకుని. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక అయిపోయి అన్నీ ఒకచోట రాశాను. వరసగా చదవనక్కర్లేదు, మీ ప్రశ్న దగ్గర దిగిపోండి.

ఒక్క మాట మాత్రం ముందే చెప్పాలి. ఈ కొలతల్ని ఎవరూ తీరిగ్గా కూర్చుని కనిపెట్టలేదు. దున్నేవాడి లెక్క ఒకటి, బట్టలమ్మేవాడిది ఒకటి, వైన్ పీపాలవాడిది ఒకటి, వెండి తూచేవాడిది ఇంకొకటి. తర్వాత వచ్చిన రాజులు, పార్లమెంట్లు వీటన్నిటినీ కలిపి ముడులు వేశారు. మనకు తిక్కగా కనిపించే అంకెలు ఎక్కువగా ఆ ముడుల దగ్గరే ఉంటాయి.

## మొదట్లో: గింజ, చెయ్యి, నాగలి

అంగుళం అంటే బొటనవేలి వెడల్పా, బార్లీ గింజలా?

రెండూ. 13వ శతాబ్దపు చివరి కాలానిదని భావించే ఒక ఇంగ్లీషు శాసనం లాటిన్‌లో ఉంది. బాగా ఎండిన, గుండ్రటి బార్లీ గింజలు మూడు వరసగా పేరిస్తే ఒక అంగుళం అంటుంది. అక్కడ అంగుళానికి వాడిన లాటిన్ మాటకు అసలు అర్థం బొటనవేలు. అంటే జనం వేలితో కొలిచేవారు, చట్టం గింజతో సరిచూసేది. మన అంగుళం కూడా వేలి నుంచి పుట్టిందే. ఇంగ్లీషువాళ్ల ‘ఇంచ్’ మాత్రం వేలి మాట కాదు. పన్నెండో వంతు అని అర్థమొచ్చే లాటిన్ ‘ఉన్షియా’ నుంచి వచ్చింది. ‘ఔన్సు’ కూడా ఆ మాట బిడ్డే. ఒకటి పొడవులో పన్నెండో వంతు, ఇంకొకటి బరువులో.

చెప్పు సైజు 8 అంటే దేనికి ఎనిమిది?

బార్లీ గింజలకు. బ్రిటిష్ పద్ధతిలో ఒక్కో సైజుకూ తేడా అంగుళంలో మూడో వంతు, అంటే ఒక గింజ. పిల్లల సైజులు 4 అంగుళాల దగ్గర సున్నాతో మొదలై 13 దాకా వెళ్తాయి. అక్కడ మళ్లీ 1 నుంచి పెద్దల సైజులు. కాబట్టి పెద్దల 8 అంటే 13, 8 కలిపి 21 గింజలు, అంటే 7 అంగుళాలు. మొదటి 4 కలిపితే 11 అంగుళాలు. ఇది మీ పాదం పొడవు కాదు, చెప్పు కుట్టే అచ్చు పొడవు. మన దుకాణాల్లో ‘యూకే సైజు’ అని రాసి ఉండేది ఇదే. ఏడొందల ఏళ్ల నాటి గింజ ఇంకా కాలి కింద నలుగుతూనే ఉంది.

అడుగు నిజంగా ఏదో రాజుగారి పాదమా?

కాదు. గ్రీకులకూ రోమన్లకూ కూడా పాదం పేరుతో కొలత ఉండేది. రోమన్లు దాన్ని పన్నెండు భాగాలు చేశారు, ఇంగ్లండుకు చేరింది ఆ లెక్కే. మామూలు మనిషి పాదం పన్నెండంగుళాలు ఉండదు కూడా. రాజు కథ గజానికి చెందినది. మొదటి హెన్రీ (పాలన 1100 నుంచి 1135) చెయ్యి చాపితే ముక్కు కొస నుంచి బొటనవేలి దాకా ఒక గజం అని చెప్పుకుంటారు. కథ బాగుంది గానీ దాన్ని సాక్ష్యంగా పట్టుకోలేం. పాత శాసనాల్లో కనిపించేది రాజుగారి చెయ్యి కాదు, రాజుగారి ఇనుప గజం బద్ద.

మన బారకూ మూరకూ ఇంగ్లీషులో సాటి కొలతలు ఉన్నాయా?

ఉన్నాయి, బంధుత్వం మాత్రం లేదు. శరీరం అందరికీ ఒకటే కాబట్టి కొలతలూ కలిశాయి. రెండు చేతులూ చాపితే మనకు బార, వాళ్లకు ఫాదమ్. ఆ పాత మాటకు అర్థమే చాచిన చేతులు. తర్వాత దాన్ని 6 అడుగులకు బిగించారు. నావికులు తాడుకు సీసపు గుండు కట్టి నీటిలోకి వదిలి, పైకి లాగుతూ చేతులతో బారలు లెక్కపెట్టేవారు. సముద్రం లోతు ఫాదమ్‌లలో చెప్పడం అలా స్థిరపడింది.

మూరకు దగ్గరది ఎల్. మోచేతికి వాళ్లు చెప్పే ‘ఎల్బో’లో ఉన్నది అదే మాట. కానీ బట్టల వ్యాపారంలో పడి సాగిపోయింది. ఇంగ్లీషు ఎల్ 45 అంగుళాలు, ఫ్లెమిష్ (ఇప్పటి బెల్జియం వైపు) ఎల్ 27 అంగుళాలు. పూలమ్మే ఆవిడ మోచెయ్యి పొట్టిదైతే మూర పొట్టిదవుతుందని మనం నవ్వుకుంటాం. ఉన్నిబట్టలు ఓడల్లో దేశాలు దాటే చోట ఆ తేడా నవ్వులాటగా ఉండదు.

16½ అడుగుల కర్ర ఏమిటి? ఆ అర ఎందుకు?

రాడ్, పోల్, పెర్చ్ అని మూడు పేర్లున్న భూమి కొలత ఇది. దానికి చాలామంది చరిత్రకారులు చెప్పే వివరణ నాకూ నచ్చింది. సాక్సన్ల కాలంలో అడుగు ఇప్పటికంటే పెద్దది, సుమారు 13.2 అంగుళాలు. అలాంటివి 15 అయితే ఒక కర్ర. తర్వాత పొట్టి అడుగు వచ్చింది. అడుగు తగ్గిందని పొలం తగ్గదుగా? గట్లు ఎక్కడివక్కడే, పన్నులు ఎక్కడివక్కడే. అందుకని కర్రను ముట్టుకోకుండా, అదే కర్రను కొత్త అడుగులతో లెక్కపెట్టారు. 15 కాస్తా 16½ అయింది.

ఎకరం ఎలా పుట్టింది? పొడవు, వెడల్పు ఏమైనా ఉన్నాయా?

ఉన్నాయి. ఎకరం మొదట వైశాల్యం కాదు, ఒక రోజు పని. ఒక నాగలి, దానికి కట్టిన ఎద్దులు, పొద్దున మొదలుపెడితే అలిసిపోయే లోపు దున్నగలిగినంత నేల. దాని ఆకారం పొడవాటి పట్టీ: పొడవు 660 అడుగులు, వెడల్పు 66 అడుగులు.

పట్టీ ఎందుకు? ఇంగ్లండు బరువు నేలల్లో నాగలి పెద్దది. ఎనిమిది ఎద్దుల్ని కట్టిన సందర్భాలూ ఉన్నాయి. అంత బారు జట్టును పొలం చివర తిప్పడమంటే ఎంత యాతనో బండి తోలినవాళ్లకు తెలుస్తుంది. అందుకని వీలైనంత దూరం తిన్నగా పోయి ఒక్కసారి తిప్పుకునేవారు. అలా ఆగకుండా సాగే చాలు పొడవే ఫర్లాంగు. ఆ మాటకు అర్థం కూడా అచ్చంగా ‘చాలు పొడవు’ అనే. 40 కర్రల పొడవు, 4 కర్రల వెడల్పు, మొత్తం 4840 చదరపు గజాలు.

ఎకరం అనే మాట మనకు ఇంగ్లీషు నుంచే వచ్చింది. ఇప్పుడు ఎంత మనదైపోయిందంటే, అది పరాయి మాట అంటే మా ఊళ్లో ఎవరూ నమ్మరు.

## చట్టం చేతికి వచ్చాక

మైలుకు 5280 అడుగులు! ఈ అంకె ఎవరికి తట్టింది?

ఎవరికీ తట్టలేదు, తప్పక వచ్చి పడింది. రోమన్ మైలు వెయ్యి జంట అడుగులు, అంటే 5000 రోమన్ పాదాలు. అందులో ఎనిమిదో వంతు వాళ్ల స్టేడియం. ఇంగ్లండులో ఆ ఎనిమిదో వంతు స్థానంలో ఫర్లాంగు కూర్చుంది. కానీ ఫర్లాంగు 660 అడుగులు. 5000 అడుగుల మైలులో ఎనిమిది ఫర్లాంగులు పట్టవు.

రెంటిలో ఒకటి మారాలి. ఫర్లాంగును కుదిస్తే ఎకరం మారుతుంది. ఎకరం మారితే దేశంలో ప్రతి దస్తావేజూ, ప్రతి శిస్తూ తగాదాకు వస్తాయి. మైలు మారితే బాటసారి తప్ప ఎవరూ గొణగరు. అందుకని మైలునే సాగదీశారు: 8 × 660 = 5280. ఇది 1593లో, మొదటి ఎలిజబెత్ రాణి కాలంలో చట్టానికెక్కింది. ఆ చట్టం కొలతల కోసం చేసింది కూడా కాదు. లండన్ చుట్టూ మూడు మైళ్ల లోపు కొత్త ఇళ్లు కట్టకూడదనే ఆంక్ష కోసం చేసినది. మూడు మైళ్లు అన్నాక మైలు ఎంతో చెప్పాలిగా, ఆ సందులో చెప్పేశారు.

మాగ్నా కార్టాలో కొలతల గురించి ఉందట, నిజమేనా?

నిజమే. మాగ్నా కార్టా అంటే ఇంగ్లండు రాజు తన ప్రభువులకు రాసిచ్చిన హక్కుల పత్రం. 1215 నాటి ఆ పత్రంలో 35వ నిబంధన అదే. రాజ్యమంతటా వైన్‌కు ఒకే కొలత, బీరుకు ఒకే కొలత, ధాన్యానికి లండన్ క్వార్టర్ అనే కొలత, రంగుబట్టకు అంచుల మధ్య రెండు ఎల్‌ల వెడల్పు, బరువులు కూడా అలాగే ఉండాలని. ఆదేశం ఉంది కాబట్టి అమలైందనుకోకండి. అదే ఆదేశాన్ని తర్వాతి రాజులు శతాబ్దాల పాటు మళ్లీ మళ్లీ జారీ చేయాల్సి వచ్చింది. ఒకే చట్టం పదేపదే వస్తోందంటే దాన్నెవరూ పట్టించుకోలేదనే అర్థం.

పౌనుకు 12 ఔన్సులా, 16 ఔన్సులా? బంగారం పౌను బరువా, దూది పౌను బరువా?

పౌన్లు రెండు రకాలు. బంగారం, వెండి తూచేది ట్రాయ్ పౌను: 12 ఔన్సులు, 5760 గ్రెయిన్లు, మన లెక్కలో 373 గ్రాములు. మిగతా సరుకంతా తూచేది అవర్దుపాయ్ పౌను: 16 ఔన్సులు, 7000 గ్రెయిన్లు, 453.6 గ్రాములు. గ్రెయిను మాత్రం రెండింటికీ ఒకటే, సుమారు 64.8 మిల్లీగ్రాములు.

కాబట్టి పౌను దూది పౌను బంగారం కంటే బరువు. అదే ఔన్సుల్లో అడిగితే తిరగబడుతుంది. బంగారం ఔన్సు 31.1 గ్రాములు, దూది ఔన్సు 28.35 గ్రాములే. పెళ్లిళ్లలో ఖాళీగా కూర్చున్న ఇంజనీర్లను ఏడిపించడానికి పనికొచ్చే ప్రశ్న.

ట్రాయ్ అనే పేరు ఫ్రాన్సులో పెద్ద సంతలు జరిగిన త్రువా పట్టణం నుంచి వచ్చిందని ఎక్కువమంది అంటారు. అవర్దుపాయ్ అంటే పాత ఫ్రెంచిలో ‘తూచి అమ్మే సరుకు’. ఎలిజబెత్ రాణి 1588లో పోయించిన నమూనా తూకాలే 1824 దాకా అధికారికంగా చెల్లాయి.

పౌను అంటే డబ్బా, బరువా?

మొదట బరువు. ఒక పౌను వెండిని 240 పెన్నీలుగా కొట్టేవారు. అప్పటి నాణేల పౌను వేరే, దాని పేరు టవర్ పౌను, 5400 ట్రాయ్ గ్రెయిన్లు. ఒక్కో పెన్నీకి 22½ గ్రెయిన్ల వెండి. ఎనిమిదో హెన్రీ 1520లలో టవర్ పౌనును తీసేసి ట్రాయ్‌ని పెట్టాడు. తర్వాత నాణెంలో వెండి కరిగిపోతూ వచ్చింది గానీ పౌనుకు 240 పెన్నీలన్న లెక్క మాత్రం 1971 ఫిబ్రవరి 15 దాకా నిలబడింది. బరువు పక్కన రాసే ‘ఎల్‌బీ’కీ, డబ్బు పక్కన వేసే అడ్డగీత గుర్తుకూ మూలం ఒకటే, లాటిన్ ‘లిబ్రా’, అంటే తక్కెడ.

హండ్రెడ్‌వెయిట్ అని పేరు పెట్టి 112 పౌన్లేమిటి?

పేరులో వంద ఉంది, తక్కెడలో లేదు. హండ్రెడ్‌వెయిట్ అంటే 8 స్టోన్లు, స్టోన్ అంటే 14 పౌన్లు. ఈ 14 ఉన్ని వ్యాపారంలో స్థిరపడిన అంకె. 26 స్టోన్లు అంటే 364 పౌన్లు అయితే ఒక ఉన్ని బస్తా. ఆ బస్తాల మీద సుంకమే మధ్యయుగాల ఇంగ్లండు ఖజానాకు పెద్ద దిక్కు. మాంసం కొట్లలో మాత్రం 8 పౌన్ల స్టోన్ కూడా నడిచింది. స్టోన్ అంటే 14 పౌన్లే అని అందరికీ కలిపి చెప్పింది 1835 చట్టం.

112కు ఒక సుఖం ఉంది. సగం చేస్తూ పొండి: 56, 28, 14, 7. రెండు పళ్లేల తక్కెడతో బతికేవాడికి పదుల కంటే సగాలే హాయి. పాత ఇనుప తూకాల సెట్లు చూస్తే వాటి మీద ఇవే అంకెలు పోతపోసి ఉంటాయి.

ధాన్యం కొలిచే కుంచం మీద వాళ్లకు అంత గొడవ ఎందుకు?

కుంచంతో కొలిచినవాళ్లెవరికైనా వెంటనే అర్థమయ్యే గొడవ ఇది. వాళ్ల కుంచం పేరు బుషెల్, 8 గ్యాలన్లు పట్టే గుండ్రటి చెక్క తొట్టి. గింజల్ని మెల్లగా జారవిడిస్తే గుల్లగా నిండుతుంది. ఎత్తు నుంచి పోస్తే దిగ్గొట్టినట్టు కూరుకుంటుంది. పక్కన మోకాలితో తడితే ఇంకో దోసెడు పడుతుంది. ఆపైన అంచు దాకా కర్రతో గీసి తలగొట్టాలా, గోపురంలా పోగు పెట్టి ఇవ్వాలా? పోగు అయితే తొట్టి ఎంత వెడల్పుంటే కొనేవాడికి అంత లాభం. అదే గ్యాలన్లు పట్టే రెండు తొట్లలో, మూతి వెడల్పుగా ఉన్నదాని మీద గోపురం పెద్దది. కౌలు ధాన్యం తీసుకునేటప్పుడు దొర వెడల్పు తొట్టి తెస్తాడు, అమ్మేటప్పుడు లోతు తొట్టి.

అందుకే 1690ల చివర చేసిన చట్టం ఎన్ని గ్యాలన్లో చెప్పి ఊరుకోలేదు. అడుగు చదునుగా, మూతి నుంచి అడుగు దాకా ఒకే వెడల్పుతో, 18½ అంగుళాల వెడల్పు, 8 అంగుళాల లోతు ఉండాలని చెక్క కొలిచి మరీ రాసింది. అదే వించెస్టర్ బుషెల్, 2150.42 ఘనపుటంగుళాలు. పోగు కొలతనే పూర్తిగా నిషేధించింది 1835లో. ఆ చట్టమే బొగ్గును కూడా తొట్లతో కాక తూకంతో అమ్మమంది. పెద్ద బొగ్గును ముక్కలు కొడితే మరిన్ని తొట్లు నిండుతాయన్న కిటుకు వ్యాపారులకు అప్పటికే ఒంటబట్టింది.

గుంటర్ గొలుసు అంటే ఏమిటి?

ఎడ్మండ్ గుంటర్ అనే గణితజ్ఞుడు 1620లో తెచ్చిన సర్వే గొలుసు. పొడవు 66 అడుగులు, అందులో 100 లింకులు, ఒక్కో లింకు 7.92 అంగుళాలు. ప్రతి పది లింకులకూ ఒక ఇత్తడి బిళ్ల వేలాడుతుంది. బిళ్లకున్న పళ్లు లెక్కపెడితే ఎన్ని పదులో కళ్లు మూసుకుని వేలితో తడిమి చెప్పొచ్చు, బురదలో కూడా.

నన్నడిగితే ఈ మొత్తం చరిత్రలో తెలివైన పని ఇదొక్కటే. 4 కర్రలు, 16½ అడుగులు, 4840 గజాలు అనే చిక్కుముడిని ఎవరినీ నొప్పించకుండా పదుల్లోకి మార్చాడాయన. 10 గొలుసులు ఒక ఫర్లాంగు, 80 గొలుసులు ఒక మైలు, 10 చదరపు గొలుసులు సరిగ్గా ఒక ఎకరం. చదరపు లింకుల్లో వచ్చిన వైశాల్యానికి ఐదు స్థానాల వెనక చుక్క పెడితే ఎకరాలు వచ్చేస్తాయి. భాగహారమే అక్కర్లేదు.

1802లో మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర విలియం లాంబ్టన్ మొదలుపెట్టిన మహా సర్వేలో వాడింది ఇది కాదు. అది 100 అడుగుల ఉక్కు గొలుసు. రెంటినీ కలిపేసి రాస్తుంటారు.

క్రికెట్ పిచ్ 22 గజాలే ఎందుకు?

22 గజాలు అంటే 66 అడుగులు, సరిగ్గా ఒక సర్వే గొలుసు, ఒక ఎకరం పట్టీ వెడల్పు. 1744లో రాసిన ఆట నియమాల్లోనే ఈ దూరం ఉంది.

## 1824, ఆ తర్వాత

ఇంపీరియల్ కొలతలు అంటే ఇవన్నీ కలిపేనా?

కాదు. 1824లో చేసి 1826 జనవరి 1 నుంచి అమలు చేసిన చట్టంతో వచ్చినవే ఇంపీరియల్ కొలతలు. అంతకుముందు దేశంలో గ్యాలన్లే మూడు: వైన్‌కు 231 ఘనపుటంగుళాలు, బీరుకు 282, ధాన్యానికి సుమారు 268.8. మూడింటినీ తీసేసి ఒకే గ్యాలను పెట్టారు. 62 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర 10 పౌన్ల శుద్ధజలం ఎంత చోటు పడుతుందో అంత. అది సుమారు 4.546 లీటర్లు. బీరు గ్యాలనుకు దగ్గరగా వచ్చిందని తాగేవాళ్లు పెద్దగా బాధపడి ఉండరు.

పార్లమెంటు తగలబడినప్పుడు దేశపు గజం కూడా కాలిపోయిందట?

అవును. 1834 అక్టోబరు 16. ఖజానా శాఖలో లెక్కలకు వాడిన గాట్ల కర్రలు గుట్టలుగా పడి ఉన్నాయి. వందల ఏళ్లుగా అప్పు ఎంతో కర్ర మీద గాట్లు పెట్టి, నిలువునా చీల్చి, చెరో సగం ఉంచుకునే పద్ధతి అది. పాతబడ్డ ఆ కర్రలను ప్రభువుల సభ కింది పొయ్యిల్లో రోజంతా కాల్చారు. రాత్రికి భవనం అంటుకుంది. పాత లెక్కల కట్టెలు కాలుస్తూ దేశపు గజాన్నీ పౌనునూ పోగొట్టుకున్నారు.

అసలు తమాషా తర్వాత ఉంది. 1824 చట్టం ఇలాంటి రోజును ఊహించింది. గజం పోతే, లండన్‌లో సెకను లెక్కన ఊగే లోలకం పొడవు 39.1393 అంగుళాలు, దాన్నుంచి మళ్లీ తయారు చేసుకోండి అని రాసి పెట్టింది. తీరా అవసరం వచ్చాక చూస్తే లోలకం లెక్కలోనే పొరపాట్లు ఉన్నాయని తేలింది. దాన్ని పక్కన పెట్టి, అంతకుముందు గజం నుంచి తీసిన నకళ్లను పోగుచేశారు. వాటితో ఫ్రాన్సిస్ బెయిలీ పని మొదలుపెట్టి మధ్యలో చనిపోతే రిచర్డ్ షీప్‌షాంక్స్ పూర్తిచేశాడు. కొత్తది 38 అంగుళాల పొడవు, అంగుళం మందం ఉన్న కంచు కడ్డీ. దానికి రెండు గుంతలు తవ్వి, సగం లోతులో బంగారు బిళ్లలు దిగ్గొట్టి, వాటి మీద సన్నటి గీతలు గీశారు. గీతకూ గీతకూ మధ్య దూరమే గజం, అదీ 62 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర. 1855లో చట్టబద్ధమైంది. ఈసారి బుద్ధొచ్చి, ఒక నకలును కొత్త పార్లమెంటు భవనం గోడలో పెట్టి పూడ్చేశారు.

జనం తమ గజం బద్దను సరిచూసుకునే చోటు ఉండేదా?

ఉండేది, ఇప్పటికీ ఉంది. గ్రీనిచ్ అబ్జర్వేటరీ గేటు పక్క గోడకు, లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లోనూ కొలతల బిళ్లలు బిగించి ఉంటాయి. స్క్వేర్‌లోవి 1876లో పెట్టినవి. ఎవరైనా తమ బద్ద తెచ్చి ఆనించి చూసుకోవచ్చు.

అమెరికా గ్యాలను ఎందుకు చిన్నది?

అమెరికా విడిపోయింది 1776లో, ఇంగ్లండు గ్యాలన్లు మార్చుకుంది 1824లో. అమెరికావాళ్లు తమతో తెచ్చుకున్న యాన్ రాణి కాలపు 231 ఘనపుటంగుళాల వైన్ గ్యాలనునే ఉంచుకున్నారు. 7 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల లోతు ఉన్న గుండ్రటి పాత్రకు 22/7 వేసి లెక్కకట్టండి, సరిగ్గా 231 వస్తుంది. ధాన్యానికి వాళ్లు ఇప్పటికీ వాడేది వించెస్టర్ బుషెలే.

అమెరికా గ్యాలను 3.785 లీటర్లు, బ్రిటిష్‌ది 4.546. మైలేజీ పోల్చేటప్పుడు బ్రిటిష్ అంకెను 1.2తో భాగిస్తే అమెరికా అంకె వస్తుంది. పైంటు అయితే అమెరికాలో 473 మిల్లీలీటర్లు, బ్రిటన్‌లో 568. లండన్ నుంచి అమెరికా వెళ్లినవాళ్లకు గ్లాసు వెలితిగా అనిపించడం భ్రమ కాదు.

## మన దగ్గరికి వచ్చినవి

సెంటు, గుంట ఎక్కడివి? గుంట అనే మాట గుంటర్ నుంచి వచ్చిందా?

సెంటు అంటే ఎకరంలో నూరో వంతు, 48.4 చదరపు గజాలు, 1000 చదరపు లింకులు. మద్రాసు రాష్ట్రపు సర్వే లెక్క కాబట్టి ఆంధ్రలో సెంట్లు నిలిచాయి. గుంట ఎకరంలో నలభయ్యో వంతు, 121 చదరపు గజాలు. తెలంగాణలో చెల్లేది ఇదే. పేర్లు కలిశాయి గానీ గుంటకూ గుంటర్‌కూ చుట్టరికం లేదు. లెక్కలో మాత్రం ఉంది. రెవెన్యూ గొలుసు అని 33 అడుగులది, 16 లింకులది ఒకటి ఉండేది. అది గుంటర్ గొలుసులో సరిగ్గా సగం. దాంతో నాలుగు పక్కలా కొలిచిన చదరం 1089 చదరపు అడుగులు, అదే గుంట.

తులం ఎంత? షాపులో పది గ్రాములంటారు, నాయనమ్మ పదకొండున్నర పైనే అంటుంది

నాయనమ్మదే పాత లెక్క. 1833లో ఈస్టిండియా కంపెనీ తులాన్ని 180 ట్రాయ్ గ్రెయిన్లకు, అంటే రూపాయి బరువుకు బిగించింది. అది 11.66 గ్రాములు. 80 తులాలు సేరు, 40 సేర్లు మణుగు. గుణించి చూడండి: మణుగు సరిగ్గా 100 ట్రాయ్ పౌన్లు. కాకతాళీయం కాదు, అలా రావాలనే పెట్టారు. మద్రాసు వైపు వీశెలూ పలాలూ మాత్రం తమ దారిన తాము నడిచాయి.

మెట్రిక్ వచ్చాక మన షాపుల్లో తులం పది గ్రాములకు దిగింది. గల్ఫ్ నుంచి వచ్చే ‘పది తులాల బిస్కట్’ మాత్రం పాత తులానిదే, 116.64 గ్రాములు, సరిగ్గా 3¾ ట్రాయ్ ఔన్సులు. పాత నగల చీటీ మీద తులాలు ఉంటే ఏ తులమో తేల్చుకున్నాకే కూడండి.

కాసు బంగారం 8 గ్రాములే ఎందుకు?

అది సవరను అనే బ్రిటిష్ బంగారు నాణెం బరువు. 20 ట్రాయ్ పౌన్ల 22 క్యారట్ల బంగారంతో 934½ సవరన్లు కొట్టాలని లెక్క. భాగిస్తే ఒక్కోటి 7.988 గ్రాములు. మనం దాన్ని ఎనిమిది అనుకుని కాసన్నాం.

ఆస్పిరిన్ మాత్ర 325 మిల్లీగ్రాములు అని ఉంటుంది. అదేం అంకె?

5 గ్రెయిన్లు. 64.8ని 5తో గుణిస్తే 324. మందుల కొట్లలో 20 గ్రెయిన్లు ఒక స్క్రూపుల్, మూడు స్క్రూపుళ్లు ఒక డ్రామ్, 8 డ్రాములు ఒక ఔన్సు. మన కాంపౌండర్లు మిక్చరు సీసాకు గాట్లు కత్తిరించిన కాగితప్పట్టీ అతికించి ‘పూటకో గీత’ అని ఇచ్చిన రోజుల్లో ఆ గీతల వెనక ఉన్నదీ ఔన్సులే, కాకపోతే బరువువి కాదు, ద్రవం కొలిచేవి.

మనం వీటిని ఎప్పుడు వదిలేశాం?

1956లో చట్టం, 1958 అక్టోబరు నుంచి దశలవారీగా అమలు. 1957 ఏప్రిల్ 1న రూపాయికి నూరు నయాపైసలు వచ్చాయి. 1960ల తొలి ఏళ్లకు వ్యాపారంలో పాత తూకాలు చట్టరీత్యా పోయాయి. నోటి నుంచి పోలేదు. టీవీ అంగుళాల్లో, ఫ్లాటు చదరపు అడుగుల్లో, స్థలం గజాల్లో ఇంకా నడుస్తూనే ఉన్నాయి.

## ఇప్పటి సంగతి

ఇప్పుడు అంగుళానికి అసలు నమూనా ఎక్కడుంది?

ఎక్కడా లేదు. 1959 జులై 1 నుంచి గజం అంటే 0.9144 మీటరు, పౌను అంటే 0.45359237 కిలో అని అమెరికా, బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా ఒప్పుకున్నాయి. అంగుళం సరిగ్గా 25.4 మిల్లీమీటర్లు. మెట్రిక్ వద్దని పోట్లాడేవాడి అంగుళం కూడా మీటరు నుంచి పుట్టిందే.

బ్రిటన్ మెట్రిక్‌కు మారిందా, లేదా?

సగం. 1965లో మారతామని ప్రకటించారు, విడిగా తూచి అమ్మే సరుకు 2000 జనవరి 1 నుంచి మెట్రిక్‌లోకి వచ్చింది. 2001లో సండర్లాండ్‌లో అరటిపళ్లు పౌన్లలో తూచినందుకు ఒక వ్యాపారికి శిక్ష పడితే దేశమంతా రచ్చయింది. అయినా రోడ్డు బోర్డుల మీద మైళ్లు, బార్లలో బీరుకు పైంట్లు, తిరిగిచ్చే పాలసీసాలకు పైంట్లు, బంగారానికి ట్రాయ్ ఔన్సు చట్టబద్ధంగానే ఉన్నాయి. మనిషి బరువు స్టోన్లలో చెప్పేవాళ్లు ఇంకా చాలామందే.

టన్నులు ఎన్ని రకాలు?

మూడు. బ్రిటిష్ 2240 పౌన్లు, అమెరికా 2000 పౌన్లు, మెట్రిక్ 1000 కిలోలు. ఆ పేరు 252 గ్యాలన్ల వైన్ పట్టే ‘టన్’ అనే పెద్ద పీపాది. ఓడలో ఎన్ని పీపాలు పడతాయో చెప్పడంతో మొదలై బరువుకు అంటుకుంది.

మా తాతగారి పొలం పటంలో కొలతలు లింకుల్లో ఉన్నాయి. మీటర్లలోకి ఎలా మార్చాలి?

మద్రాసు రాష్ట్రపు పాత ఎఫ్‌.ఎం.బి. (సర్వేవాళ్ల పొలం కొలతల పుస్తకం) పటాల్లో ఇది మామూలే. ఒక లింకు 20.1168 సెంటీమీటర్లు, లేదా 0.66 అడుగు. గట్టు మీద 250 అని ఉంటే 250 × 0.66 = 165 అడుగులు, అంటే 50.29 మీటర్లు. పొలం దీర్ఘచతురస్రమై పొడవు 400, వెడల్పు 250 లింకులుంటే గుణించండి, 1,00,000 చదరపు లింకులు, సరిగ్గా ఎకరం. గొలుసులు, లింకులు కలిపి 2-50 అని రాసి ఉంటే అది రెండున్నర గొలుసులు, 250 లింకులే. కొందరు దాన్ని రెండడుగుల యాభై అంగుళాలుగా చదివి గట్టు మీదే కొట్టుకున్నారు. టేపు పట్టుకునే ముందు పటం మూలన స్కేలు ఏ ప్రమాణంలో రాశారో చూడండి.